2008 ఇన్నోవాకు టైప్ 4 ముఖం: ముందు ఫెండర్ విప్పించి చూడండి

మీరు చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇదీ. భీమవరంలో మీకు 2008 నాటి వెండి రంగు డీజిల్ ఇన్నోవా ఉంది. రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. రాత్రిపూట గేదె అడ్డం వచ్చి బానెట్, కుడి హెడ్‌లైటు, గ్రిల్, బంపర్ పోయాయి. ఎలాగూ అన్నీ కొనాలి కాబట్టి 2013 తరువాతి ముఖం, అంటే బజారులో టైప్ 4 అనేది, పెట్టించెయ్యమని మేస్త్రీ అన్నారు. 2016లో వచ్చిన కొత్త ఇన్నోవా క్రిస్టాలా కనిపించే కిట్ ఉందని మరొకరు ఆశపెట్టారు. ఏది చెయ్యాలి, అసలు చెయ్యవచ్చా అన్నది మీ సందేహం.

కాకినాడలో ఇరవై రెండేళ్లుగా బాడీ పని చేయిస్తున్నాను. ఇన్నోవాలకు ముఖం మార్చే పని నా చేతుల మీదుగా చాలానే జరిగింది. టైప్ 4 ముఖం మీ బండికి నిక్షేపంగా కూర్చుంటుంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా కాకుండా మొత్తంగా తేవాలి. క్రిస్టా కిట్ మాత్రం వద్దు. ఈ రెండింటికన్నా ముందు, గేదె తగిలిన దెబ్బ రేకుతో ఆగిందా లోపలికి వెళ్లిందా అన్నది తేలాలి. అది తేలకుండా మీరు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఎందుకు కూర్చుంటుందో తెలిస్తే ఎక్కడ కూర్చోదో మీకే తెలుస్తుంది. ఇన్నోవా మన దేశంలోకి 2005లో వచ్చింది. 2009లో కొద్దిగా, 2012 మొదట్లో బాగా, 2013 చివర్లో మళ్లీ కొంత మారింది. బజారులో టైప్ 1, 2, 3, 4 అంటున్నది వీటినే. ఇన్ని మార్పుల్లోనూ చాసిస్ అదే, దాని మీది గది (మనం కూర్చునే రేకు గూడు) అదే. మారినవన్నీ బోల్టులతో బిగించినవి. 2016లో క్రిస్టా వచ్చినప్పుడు మాత్రం కింది నుంచి పై దాకా బండే మారిపోయింది.

ఏ కారుకైనా నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇదే: ఆ రేకును పట్టుకున్నది బోల్టా, వెల్డింగా? బానెట్, ముందు ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు), లైట్లు, గ్రిల్, బంపర్ బోల్టు సరుకు. వెనుక చక్రం మీది రేకు, స్తంభాలు, పైకప్పు, రేడియేటర్ పక్కల ఉండే అప్రాన్లు వెల్డింగు సరుకు. గది మారనంత కాలం బోల్టు సరుకు ఒక ఏడాది బండి నుంచి మరో ఏడాది బండికి వెళుతుంది. అంబాసిడర్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1950ల చివరి నుంచి 2014 దాకా గది దాదాపు అదే కావడంతో, ప్రమాదం జరిగిన పాత మార్క్ 2 బండికి షెడ్డులో ఏ ముఖం దొరికితే అది బిగించి పంపేవారు. మార్క్ 4 గ్రిల్‌తో తిరిగే మార్క్ 2లను నేను చిన్నప్పుడు చాలా చూశాను.

పేరు ఒకటే కదా అని నమ్మితే మాత్రం దెబ్బతింటాం. మారుతి 800 పేరుతో 1983లో వచ్చిన బండి వేరు, 1986లో వచ్చిన బండి వేరు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరమే 2150 మిల్లీమీటర్ల నుంచి 2175కు పెరిగింది. 2005 స్విఫ్ట్, 2011 స్విఫ్ట్ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. కొలిస్తే అక్కడ 2390, ఇక్కడ 2430. చూపుకు ఎంత దగ్గరగా ఉన్నా రేకులు కలవవు. ఇక మీకు ఆశపెట్టిన క్రిస్టా దగ్గర ఇంకో మోసం ఉంది. పాత ఇన్నోవాకూ క్రిస్టాకూ చక్రాల మధ్య దూరం ఒకటే, 2750. ఈ అంకె చూపించి ‘సరిపోతుంది సార్’ అంటారు. వెడల్పు చూడండి. క్రిస్టా 1830 మిల్లీమీటర్లు, మీ బండి అంతకన్నా ఆరేడు సెంటీమీటర్లు తక్కువ. ఆ తేడాను సరిపెట్టడానికే ఆ కిట్లను ఫైబర్‌తో అచ్చు పోస్తారు. రెండు వేసవులు ఎండలో నిలబడితే అంచులు వంకర తిరుగుతాయి, బిగించిన చోట పగుళ్లు వస్తాయి. ఆ బంపర్ వెనుక కారు కంపెనీ పెట్టిన ఇనుప కమ్మీకి చోటు ఉండదు. దాని సంగతి కింద చెబుతాను.

కొనే ముందు విడిభాగాల సంఖ్యలు చూడడం నేర్చుకోండి, చాలా డబ్బు మిగులుతుంది. టయోటా సంఖ్యలో పది స్థానాలు ఉంటాయి, మధ్యలో చిన్న గీత ఉంటుంది. గీతకు ముందున్న అయిదు అంకెలు అది ఏ వస్తువో చెబుతాయి. 53301 అంటే బానెట్, 53811 కుడి ఫెండర్, 53812 ఎడమ ఫెండర్, 52119 ముందు బంపర్ తొడుగు, 52021 దాని వెనుక కమ్మీ, 81110 కుడి హెడ్‌లైటు, 81150 ఎడమది. గీత తరువాతి భాగం ఏ బండిదో చెబుతుంది. ఇన్నోవా, ఫార్చునర్, హైలక్స్ కుటుంబానికి అది 0కె అని మొదలవుతుంది. విడిభాగాల కౌంటరులో మీ చాసిస్ నంబరు ఇచ్చి ఒక జాబితా తీయించండి. 2014 బండి చాసిస్ నంబరు ఇచ్చి ఇంకొకటి తీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి గీత తరువాతి భాగం పోల్చండి. రెండింటిలోనూ ఒకే సంఖ్య ఉంటే ఆ వస్తువు మారలేదు, మీది బాగుంటే కొననక్కర్లేదు. సంఖ్య వేరైతే అది కొత్త ముఖంతో పాటు రావలసిందే. ముఖ్యంగా బ్రాకెట్లు, లైటు కింద పట్టీలు, గ్రిల్ మీది మూత, బంపర్ పక్క క్లిప్పులు చూడండి. పెద్ద రేకులన్నీ తెచ్చి ఈ చిల్లర సామాను మరిచిపోయినవారు పని మధ్యలో నాలుగు రోజులు షెడ్డు చుట్టూ తిరుగుతారు. చివరికి మేస్త్రీ పాత బ్రాకెట్‌కు కొత్త రంధ్రం వేసి సరిపెడతారు. లైటు అదరడం అక్కడే మొదలవుతుంది.

అందుకే ముక్కు మొత్తం ఒకే బండి నుంచి వచ్చేలా చూసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా చెన్నై పుదుపేటలోనైనా వెనుక నుంచి దెబ్బతిని తుక్కుకు వచ్చిన 2014, 2015 బండ్లు దొరుకుతాయి. వాటి ముందు భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. బానెట్, ఫెండర్లు, లైట్లు, గ్రిల్, బంపర్, కమ్మీ, బ్రాకెట్లు, బోల్టులతో సహా ఒకే బేరంగా మాట్లాడండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు ఇవ్వని చోట కొనవద్దు, అది దొంగ బండి సరుకు కాదని మీకు తెలిసే దారి లేదు. లోకల్ తయారీ బానెట్ కొంటే మాత్రం తిరగేసి లోపలి చట్రం చూడండి. అసలు బానెట్‌లో పై రేకుకూ లోపలి చట్రానికీ మధ్య జిగురు చుక్కలు వరుసగా ఉంటాయి, ఢీకొన్నప్పుడు మడత పడడానికి చట్రంలో బలహీనమైన గీతలు ఉంటాయి. చవక సరుకులో ఈ రెండూ ఉండవు. పైన బొటనవేలితో నొక్కితే రేకు డబ్బామూతలా లోపలికి వెళ్లి టక్కుమని వెనక్కి వస్తుంది.

ఇప్పుడు అసలు పని. మీ బండి ఫెండర్లు రెండూ విప్పించండి, రంగు మాట తరువాత. ఉప్పాడ బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే ఒక ఇన్నోవా నా దగ్గరకు ఇదే పనికి వచ్చింది. పైకి ఒక్క మచ్చ లేదు. ఎడమ ఫెండర్ కింది బోల్టు విప్పుతుంటే బోల్టు తిరగలేదు, నట్టుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఫెండర్ పక్కకు జరిపితే చక్రం వెనుక మూలలో తడి మట్టి, గడ్డి, ఇసుక కలిసి ముద్దగా గట్టిపడి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే మట్టితో పాటు రేకు కూడా పొరలు పొరలుగా, అప్పడం ముక్కల్లా రాలింది. ముందు తలుపు కబ్జాలు ఆనుకునే స్తంభం అడుగున అరచేయి పట్టేంత రంధ్రం ఉంది. దాని మీద కొత్త ఫెండర్ బిగించి, రంగు వేసి ఇచ్చేస్తే యజమానికి ఎన్నటికీ కనిపించేది కాదు. ముందు ఆ మూల కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, లోపల మైనపు పూత కొట్టించాకే ముఖం పనికి దిగాను. ఆయన అనుకున్న ఖర్చు దాటింది. అయినా బండిని నిలబెట్టేది ఆ స్తంభమే. మీది భీమవరం, ఉప్పు గాలి, చేపల చెరువుల నేల. మీ బండిలో ఆ మూల తప్పకుండా చూడాలి.

ఫెండర్లు విప్పినప్పుడే గేదె దెబ్బ ఎంత లోతుకు వెళ్లిందో కొలవండి. అద్దం కింద కుడివైపు బానెట్ కబ్జా బోల్టు నుంచి రేడియేటర్ సపోర్టు (రేడియేటర్‌ను పట్టుకునే చట్రం) ఎడమ పై మూలలోని రంధ్రం దాకా టేపు పట్టించండి. తరువాత ఎడమ బోల్టు నుంచి కుడి మూలకు. ఈ రెండు అడ్డకొలతలు సమానంగా ఉండాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపు తేడా సర్దుకుంటుంది. పది మిల్లీమీటర్లు వచ్చిందంటే రేడియేటర్ సపోర్టు పక్కకు జరిగింది, లాగించి సరిచెయ్యాలి. అది చెయ్యకపోతే ఎంత కొత్త ముఖం తెచ్చినా ఒక పక్క సందు సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా వస్తుంది. అప్పుడు మేస్త్రీ బోల్టు రంధ్రాలను ఆకురాయితో సాగదీస్తారు. ‘కొత్త మోడల్ పార్టులు పాత బండికి సరిగ్గా కూర్చోవు’ అన్న మాట ఊళ్లో ఇలాంటి పనుల వల్లే పుట్టింది. పార్టుల తప్పేమీ లేదు, వాటిని బిగించిన ఆధారమే వంకర.

బిగించే క్రమం కూడా ముఖ్యం. అన్నింటికీ కొలబద్ద ముందు తలుపే, ఎందుకంటే మనం కదిలించనిది అదొక్కటే. తలుపుకు ఫెండర్‌ను సరిచెయ్యాలి, రెండు ఫెండర్లకు బానెట్‌ను సరిచెయ్యాలి, వాటి మధ్య లైట్లు, ఆ తరువాత గ్రిల్, చివరికి బంపర్. చాలామంది బంపర్‌తో మొదలుపెట్టి వెనక్కి వస్తారు, అందుకే తేడా అంతా తలుపు దగ్గర తేలుతుంది. మొదటిసారి రంగు లేకుండానే అన్నీ బిగించి చూడాలి. అయిదు మిల్లీమీటర్ల ఆలెన్ కీని సందులో పై నుంచి కింది దాకా నడిపించండి. ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ వదులవుతుందో చేతికే తెలుస్తుంది. అన్నీ కుదిరాక బోల్టుల చుట్టూ గుర్తులు గీసి, విప్పి, విడివిడిగా రంగు వేయించాలి. బండి మీద ఉంచి రంగు కొడితే అంచుల లోపలికి రంగు చేరదు, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

బానెట్ లాకు దగ్గర ఇంకొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ ప్రాణాల సంగతి ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక షెడ్డులో ముఖం మార్పించుకున్న బండిలో నేను వెనుక సీటులో ఉన్నాను. అన్నవరం దాటి తుని వైపు హైవే మీద వెళుతున్నాం, వేగం ఎనభై ఉంటుంది. ముందు నుంచి చిన్న గలగల శబ్దం వచ్చింది, బానెట్ ముందంచు ఒక అంగుళం లేచి అదరసాగింది. డ్రైవరు వెంటనే వేగం తగ్గించాడు కానీ అప్పటికే గాలి దాన్ని ఎత్తి అద్దం మీదికి విసిరింది. ముందు ఏమీ కనిపించలేదు. తలుపు అద్దంలోంచి పక్కకు చూసుకుంటూ అతను బండిని అంచుకు చేర్చాడు, వెనుక లారీ లేకపోవడం మా అదృష్టం. దిగి చూస్తే కొత్త బానెట్ కొండీ లాకులోకి సగమే దిగుతోంది. రెండో రక్షణగా ఉండవలసిన కొక్కెం స్ప్రింగు అసలు తగిలించలేదు. మీ పని పూర్తయ్యాక ఈ పరీక్ష మీరే చెయ్యండి: క్యాబిన్‌లోని లీవరు లాగి, ముందుకు వచ్చి, కొక్కెం మీట నొక్కకుండా బానెట్‌ను రెండు చేతులతో గట్టిగా పైకి లాగండి. అది రెండు వేళ్ల సందు మించి లేవకూడదు. అలాంటి పరీక్ష పదిసార్లు చేసి బండి తీసుకోండి.

బంపర్ లోపలి కమ్మీ మాట. పైన కనిపించే బంపర్ ఉత్త ప్లాస్టిక్ తొడుగు. దెబ్బను కాచుకునేది వెనుక అడ్డంగా ఉండే ఇనుప కమ్మీ. కొత్త తొడుగు పాత కమ్మీకి తగిలి సరిగ్గా కూర్చోకపోతే కమ్మీని తీసి మూలన పడేసిన పనులు నేను కళ్లారా చూశాను. తొడుగుకు తగ్గ కమ్మీ తెప్పించడమే పరిష్కారం. రేడియేటర్ పక్కల ఉండే గాలి మళ్లించే ప్లాస్టిక్ పలకలు కూడా అంతే, అవి లేకపోతే గాలి రేడియేటర్‌ను తప్పించుకుని పక్కల నుంచి పోతుంది, మే నెల ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గుతుంది. మీ బండికి ఎయిర్‌బ్యాగులు ఉంటే ముందువైపు సెన్సర్ల చోటు మార్చవద్దు, బ్యాటరీ తీసి కనీసం తొంభై సెకన్లు ఆగాకే ఆ వైర్ల జోలికి వెళ్లాలి. గేదె దెబ్బ తిన్నారు కాబట్టి ముందు ఇనుప గార్డు పెట్టించుకోవాలని అనిపించడం సహజం. దాన్ని పెట్టించవద్దు. అది దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరుస్తుంది, తగిలిన మనిషిని బతకనివ్వదు. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిపై చర్య తీసుకొమ్మని రాష్ట్రాలకు రాసింది.

లైట్ల దగ్గర రెండు జాగ్రత్తలు. గల్ఫ్‌లో ఉన్న బంధువుల చేత లైట్లు తెప్పించుకుంటున్నవారు మన జిల్లాల్లో ఉన్నారు. అక్కడ కుడివైపు నడుపుతారు, అందుకని ఆ లైటు డిమ్‌లో వెలుతురు కుడి పక్కకు పైకి లేస్తుంది. మన రోడ్డు మీద అది సరిగ్గా ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. మరలు తిప్పి దీన్ని సరిచెయ్యలేరు, అద్దం, రిఫ్లెక్టరు తయారీలోనే అలా ఉంటాయి. మన దేశపు బండి లైటే కొనండి. రెండవది, వెలుతురు ఎత్తు. చదునైన చోట గోడకు అయిదు మీటర్ల దూరంలో బండి నిలిపి, లైటు మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి అదే ఎత్తు గోడ మీద గుర్తు పెట్టండి. డిమ్ వెలుతురు పై గీత ఆ గుర్తుకు అయిదు సెంటీమీటర్లు కింద ఉండాలి, ఎడమ పక్కన కొద్దిగా పైకి లేవాలి. కొత్త లైటు ప్లగ్గు పాతదానితో కలవకపోతే, ముఖం ఏ బండి నుంచి తెస్తున్నారో ఆ బండి నుంచే ప్లగ్గును జానెడు వైరుతో సహా కోయించి తెచ్చుకోండి. అతుకులు టంకం వేసి, వేడి చేస్తే బిగిసే గొట్టం తొడిగించాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే రెండో వర్షాకాలానికి పచ్చ తుప్పు పడుతుంది.

వెండి రంగు కలపడం చాలా కష్టం. పదిహేడేళ్లు ఎండలో ఉన్న వెండి, ఈ రోజు డబ్బాలోంచి వచ్చే వెండి ఒకటి కావు. తయారీ ప్లేటు మీద సి/టిఆర్ అన్న వరుసలో ఉన్న రంగు కోడ్‌తో మొదలుపెట్టి, నమూనా ముక్కను తలుపు పక్కన పెట్టి పగటి వెలుగులో చూసి సరిదిద్దాలి. తరువాత రంగును ముందు తలుపుల మీదికి కొద్దికొద్దిగా పలచబరుస్తూ కలపాలి. ఫెండర్ దగ్గర గీత గీసినట్టు ఆపితే దూరం నుంచే తెలిసిపోతుంది. బంపర్‌కు ప్లాస్టిక్ ప్రైమర్ వేస్తున్నారో లేదో దగ్గర ఉండి చూడండి.

చట్టం విషయానికి వస్తే, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అదే మోడల్‌కు కంపెనీ తయారుచేసిన రేకులు, అదే రంగులో, కొలతలు మారకుండా బిగించడం వేరు. ఫైబర్ కిట్‌తో పొడవు, వెడల్పు, రూపం మార్చడం వేరు. మొత్తం బండికి రంగు మారిస్తే రవాణా శాఖలో చెప్పి ఆర్‌సీలో రాయించాలి. బీమా కంపెనీకి పని మొదలుకాక ముందే ఫోటోలతో ఉత్తరం రాయండి. రేపు ఇంకో ప్రమాదం జరిగితే 2008 బండికి 2014 లైటు ఎందుకు ఉందని సర్వేయరు అడుగుతారు, అప్పుడు ఆ ఉత్తరం మీ చేతిలో ఉండాలి. ఎప్పుడైనా అమ్మితే కొనేవారికి నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసి ఇవ్వండి.

ఇంకొక్కటి మీ ప్రశ్నలో లేదు కానీ అడగాలి. మీ బండి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2023లో ముగిసి ఉంటుంది, అయిదేళ్లకు పొడిగించి ఉంటారు. అంటే 2028లో మళ్లీ ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. విడిభాగాలకు ఎంత పెడతారో టింకరింగ్, రంగు కలిపి దాదాపు అంత అవుతుందని నా అనుభవం. ఇంజిన్, గేర్‌బాక్సు బాగుండి, ఇంకా ఏడెనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటేనే టైప్ 4 ముఖానికి వెళ్లండి. రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే, పాత ముఖానికే మంచి బానెట్, లైటు, గ్రిల్, బంపర్ తెచ్చి వేయించుకోండి. మీ ఫెండర్లు, మీ బ్రాకెట్లు, మీ కమ్మీ అలాగే పనికొస్తాయి, సగం ఖర్చు తగ్గుతుంది.

నేనైతే ఈ వారంలో రెండు ఫెండర్లూ విప్పించి, స్తంభం అడుగు మూలలు రెండూ ఫోటో తీసి, అడ్డకొలతలు రెండూ రాసుకుంటాను. ఆ ఫోటోలు, ఆ రెండు అంకెలు, ఆర్‌సీ గడువు తేదీ ఇక్కడ పెట్టండి. ఏ పార్టులు కొనాలో, ఏవి అక్కర్లేదో జాబితా రాసి ఇస్తాను.